గింజల్లోని బూజు విషాలను కొలిచే ప్రతిదీప్తి స్ట్రిప్‌లు

తిండిగింజలు, నూనెగింజలు, పశువుల దాణాలో బూజుల వల్ల చేరే విషాలను పది పదిహేను నిమిషాల్లో కొలవడానికి వాడే సన్నని పరీక్ష పట్టీలే ప్రతిదీప్తి స్ట్రిప్‌లు. చూడటానికి ఇవి గర్భ నిర్ధారణకు ఇళ్లలో వాడే కిట్‌లాగే ఉంటాయి. మూల సూత్రం కూడా అదే. తేడా ఉన్నది గీత దగ్గర. ఇందులో రంగు గీత రాదు, అతినీలలోహిత కాంతి పడినప్పుడు మెరిసే గీత వస్తుంది. ఆ మెరుపును కంటితో అంచనా వేయరు. చేతిలో పట్టేంత రీడర్ యంత్రం దాన్ని కొలిచి, కిలో గింజల్లో విషం ఎన్ని మైక్రోగ్రాములు ఉందో అంకెల్లో చూపిస్తుంది. లారీ ఇంకా గేటు దగ్గర ఉండగానే సరుకు దింపుకోవాలా, పక్కన పెట్టాలా అన్నది తేల్చుకోవడానికి గోదాములు, దాణా మిల్లులు, నూనె మిల్లులు, ఎగుమతి కేంద్రాలు వీటిని వాడతాయి.

బూజు విషాలు

బూజులు తయారుచేసే విషపదార్థాలు వందల్లో ఉన్నా, ఆహారం విషయంలో ఎక్కువ ఆందోళన కలిగించేవి అయిదారు మాత్రమే. యాస్పర్జిల్లస్ ఫ్లేవస్, యాస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే బూజుల నుంచి అఫ్లాటాక్సిన్లు వస్తాయి. ఇవి వేరుశనగ, మొక్కజొన్న, పత్తిగింజ, మిరప వంటి వేడి ప్రాంతాల పంటల్లో ఎక్కువ. ఫ్యుసేరియం జాతి బూజులు గోధుమ, బార్లీ, మొక్కజొన్నల్లో డీఆక్సినివలెనాల్, జియరలెనోన్, ఫ్యుమోనిసిన్, టీ-2 విషాలను చేరుస్తాయి. ఓక్రాటాక్సిన్-ఎ అటు యాస్పర్జిల్లస్ నుంచీ ఇటు పెనిసిలియం నుంచీ పుడుతుంది. తిండిగింజల్లోనే కాక కాఫీలోనూ, ఎండుద్రాక్షలోనూ కనిపిస్తుంది. అన్నిటిలోకీ అఫ్లాటాక్సిన్ బి1 ప్రమాదకరం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన పదార్థాల్లో చేర్చింది. హెపటైటిస్-బి సోకినవారిలో ఈ విషం వల్ల కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాడి పశువు తిన్న దాణాలోని బి1లో కొంత భాగం ఎం1గా మారి పాలలోకి దిగుతుంది. 2018లో దేశవ్యాప్తంగా జరిగిన పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఎం1 పరిమితిని దాటింది.

ఈ విషాల సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో ఆ ఏడాది లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయాయి. వాటి మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కే కారణమని తేలింది. మనుషుల మరణాలకు భారతదేశంలోనే స్పష్టమైన సాక్ష్యం దొరికింది. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గిరిజన కుటుంబాల్లో కామెర్లు ప్రబలాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గ్రామాల్లో పరిశోధించి, 397 మంది రోగుల్లో 106 మంది మరణించారని 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఊళ్లో మనుషులతో పాటు కుక్కలు కూడా అదే జబ్బుతో చనిపోవడం కారణాన్ని పట్టుకోవడానికి తోడ్పడింది. 1987లో కశ్మీరు లోయలో వానకు పాడైన గోధుమల వల్ల, 1995లో దక్కన్ పీఠభూమి గ్రామాల్లో తడిసిన జొన్న, మొక్కజొన్నల్లోని ఫ్యుమోనిసిన్ వల్ల ప్రజలు జబ్బుపడ్డారు. ఆ రెండింటినీ అధ్యయనం చేసింది కూడా ఈ సంస్థే. 2004లో కెన్యాలో ఇంటి మొక్కజొన్న తిని 317 మంది అస్వస్థులయ్యారు, 125 మంది చనిపోయారు. ఈ ఘటనల్లో చాలావాటిలో తిన్నవారికి గింజ పాడైందని తెలుసు. అందులో విషం ఎంత ఉందో తెలుసుకునే దారి మాత్రం వారి దగ్గర లేదు.

చూపు, వాసన ఇక్కడ నమ్మదగినవి కావు. ముక్కిపోయిన గింజలో విషం లేకపోవచ్చు. పైకి నిగనిగలాడే గింజలో ఉండవచ్చు. వంట వేడికి ఈ విషాలు పెద్దగా నశించవు. మొక్కజొన్నను అతినీలలోహిత దీపం కింద పరచి, పచ్చపసుపు మెరుపు ఉన్న గింజలను ఏరే పాత పద్ధతి ఒకటి ఉంది. ఆ మెరుపు అఫ్లాటాక్సిన్‌ది కాదు. అదే బూజు తయారుచేసే కోజిక్ ఆమ్లం గింజలోని ఎంజైములతో కలిసి ఆ కాంతినిస్తుంది. కాబట్టి బూజు పెరిగిందని అది చెబుతుందే గాని విషం ఉందని గాని, లేదని గాని చెప్పలేదు. ప్రతిదీప్తి స్ట్రిప్‌ను ఈ దీపం పరీక్షతో కలిపి ఒకటిగా భావించడం తరచు జరిగే పొరపాటు.

చట్టం అనుమతించే మోతాదులు అతి తక్కువ. భారత ప్రమాణాల ప్రకారం తృణధాన్యాల్లో, పప్పుల్లో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 15 మైక్రోగ్రాములు, మసాలా దినుసుల్లో 30, పాలలో ఎం1 0.5 మించరాదు. గోధుమలో డీఆక్సినివలెనాల్‌కు 1,000 మైక్రోగ్రాముల వరకు అనుమతి ఉంది. అమెరికా ఆహారంలో మొత్తం అఫ్లాటాక్సిన్లకు 20 వద్ద గీత గీసింది. చైనా మొక్కజొన్నలో, వేరుశనగలో బి1కు 20, బియ్యంలో 10 పెట్టింది. నేరుగా తినే తృణధాన్యాలకు ఐరోపా సమాఖ్య విధించిన పరిమితి బి1కు 2, మొత్తానికి 4. కిలోకు 15 మైక్రోగ్రాములంటే వెయ్యి టన్నుల గోదాములో 15 గ్రాములు. ఇంత తక్కువ పదార్థాన్ని మార్కెట్ యార్డులో, మామూలు సిబ్బంది చేత కొలిపించాలన్న అవసరం నుంచే ఈ స్ట్రిప్‌లు పుట్టాయి.

స్ట్రిప్‌కు ముందు

1960ల నుంచి పలుచని పొర క్రొమటోగ్రఫీ, ఆ తర్వాత హెచ్‌పీఎల్‌సీ, ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటరుతో కూడిన ద్రవ క్రొమటోగ్రఫీ ఈ విషాలను కొలవడంలో ప్రామాణిక పద్ధతులయ్యాయి. వీటి కచ్చితత్వానికి తిరుగులేదు. కాకపోతే ఖరీదైన యంత్రం, శుద్ధమైన ద్రావణులు, శిక్షణ పొందిన రసాయన శాస్త్రవేత్త కావాలి. గేటు దగ్గర ఆగిన లారీకి ఫలితం సాయంత్రానికో మర్నాటికో అందుతుంది.

యాంటీబాడీలతో విషాన్ని గుర్తించే దారి మూడు మెట్లలో తెరుచుకుంది. 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ఎలైజా పద్ధతిని ప్రకటించారు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే మార్గం కనిపెట్టి 1984లో నోబెల్ అందుకున్నారు. 1980ల చివర్లో గర్భ నిర్ధారణ కిట్ల ద్వారా కాగితం మీదే పరీక్ష జరిపే పద్ధతి ఇళ్లకు చేరింది. బూజు విషాలకు ఎలైజా కిట్లు ముందు వచ్చాయి. హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వేరుశనగలో అఫ్లాటాక్సిన్ కొలవడానికి తక్కువ ఖర్చు ఎలైజా పద్ధతిని రూపొందించి ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రయోగశాలలకు నేర్పింది. బంగారపు నానోకణాల ఎర్ర గీతతో పనిచేసే స్ట్రిప్‌లు 2000 తర్వాత విరివిగా వచ్చాయి. ప్రతిదీప్తి స్ట్రిప్‌లు ఆ బంగారు స్ట్రిప్‌లకు తరువాతి తరం.

నిర్మాణం, పనిచేసే తీరు

ప్లాస్టిక్ వెన్ను మీద ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి వచ్చేలా నాలుగు భాగాలు అతికించి ఉంటాయి. గింజల సారం బొట్టుగా పడే నమూనా మెత్త మొదటిది. రెండో మెత్తలో మెరిసే కణాలకు అంటించిన యాంటీబాడీలు ఎండిన స్థితిలో ఉంటాయి. కొన్ని తయారీల్లో ఈ కణాలను స్ట్రిప్‌లో పెట్టరు, విడిగా చిన్న గిన్నెల్లో పొడిగా ఇస్తారు. సారాన్ని అందులో కలిపి, కాసేపు ఆగి, తర్వాత స్ట్రిప్ ముంచుతారు. మూడోది నైట్రోసెల్యులోజ్ పొర. దాని మీద కంటికి కనిపించని రెండు గీతలు ముందే గీసి ఉంటాయి. చివరిది ద్రవాన్ని పీల్చుకునే మెత్త. దాని లాగుడు వల్ల ద్రవం పొర పొడవునా ఆగకుండా పాకుతుంది.

గర్భ నిర్ధారణ కిట్‌లో హార్మోను ఉంటే గీత వస్తుంది. బూజు విషాల స్ట్రిప్ దీనికి తలకిందులు. విషం లేకపోతే గీత బలంగా వస్తుంది, ఉంటే తగ్గుతుంది. కొత్తగా వాడేవారు మొదట తడబడేది ఇక్కడే. దీనికి కారణం విషపు అణువు చిన్నతనం. అఫ్లాటాక్సిన్ బి1 అణుభారం 312 మాత్రమే. ఇంత చిన్న అణువును ఇటు ఒకటి, అటు ఒకటి రెండు యాంటీబాడీలు ఒకేసారి పట్టుకోలేవు. అందుకే పోటీ పద్ధతి వాడతారు. మొదటి గీత, అంటే టెస్ట్ గీత దగ్గర ఏదో ఒక ప్రోటీనుకు అతికించిన విషపు అణువులే ఉంటాయి. సారంలో విషం లేకపోతే యాంటీబాడీలన్నీ ఖాళీ చేతులతో వచ్చి ఆ గీతకు అంటుకుంటాయి, గీత బాగా మెరుస్తుంది. సారంలో విషం ఉంటే అది దారిలోనే యాంటీబాడీలను ఆక్రమిస్తుంది. అవి గీతను పట్టుకోలేక ముందుకు సాగిపోతాయి, మెరుపు మందగిస్తుంది. రెండోదైన కంట్రోల్ గీత విషంతో సంబంధం లేకుండా యాంటీబాడీలను పట్టుకుంటుంది. అది రాకపోతే ద్రవం సరిగా పారలేదనో, స్ట్రిప్ పాడైందనో అర్థం. ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోరు.

రీడర్ టెస్ట్ గీత మెరుపును కంట్రోల్ గీత మెరుపుతో భాగించి ఆ నిష్పత్తిని వాడుతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య ఉండే చిన్న తేడాలు, పారిన ద్రవం పరిమాణంలో హెచ్చుతగ్గులు ఈ భాగహారంలో చాలావరకు కొట్టుకుపోతాయి. ఆ నిష్పత్తిని విషపు మోతాదుగా మార్చే వక్రరేఖను తయారీదారు ప్రతి బ్యాచ్‌కూ విడిగా రూపొందించి, క్యూఆర్ కోడ్ రూపంలోనో, చిన్న కార్డులోనో పెట్టెతో ఇస్తాడు. ఒక బ్యాచ్ కోడ్‌తో మరో బ్యాచ్ స్ట్రిప్ చదివితే వచ్చే అంకెకు విలువ లేదు.

ఈ యాంటీబాడీలను తయారుచేయడంలోనూ అణువు చిన్నతనం అడ్డొస్తుంది. విషాన్ని ఒంటరిగా ఎలుకకు ఎక్కిస్తే దాని రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోదు. అందుకే విషాన్ని రసాయనికంగా కాస్త మార్చి పెద్ద ప్రోటీనుకు అతికించి ఎక్కిస్తారు. ఏ కొసన అతికిస్తే ఆ కొస యాంటీబాడీకి కనిపించదు. బి1ను మాత్రమే పట్టే యాంటీబాడీ రావాలా, బి1, బి2, జి1, జి2 నాలుగింటినీ దాదాపు సమానంగా పట్టేది రావాలా అన్నది ఈ అతుకు చోటును బట్టి చాలావరకు మారుతుంది. చట్టం కొన్ని చోట్ల బి1కు, కొన్ని చోట్ల మొత్తానికి పరిమితి పెడుతుంది గనుక కొనే ముందు స్ట్రిప్ దేన్ని కొలుస్తుందో చూసుకోవాలి. చైనాలోని వూహాన్‌లో ఉన్న నూనెగింజల పరిశోధన సంస్థ ఈ రంగంలో చాలా కృషి చేసింది. ఒంటె జాతి జంతువుల నుంచి వచ్చే చిన్న నానోబాడీలను టెస్ట్ గీత మీద విషానికి బదులు వాడి, స్ట్రిప్ తయారీలో అసలు విషంతో పని లేకుండా చేసే మార్గాన్ని కూడా అక్కడి శాస్త్రవేత్తలు చూపారు. తయారీ కార్మికుల భద్రత దృష్ట్యా ఇది చిన్న మెరుగుదల కాదు.

మెరుపుతో వచ్చిన లాభం

బంగారపు కణాల స్ట్రిప్ చవక. రీడర్ లేకుండానే చదవవచ్చు. అలాంటప్పుడు ప్రతిదీప్తి ఎందుకు? చాలామంది చెప్పే సమాధానం, మెరుపు రంగు కంటే స్పష్టంగా కనిపిస్తుందని. అది సగం నిజమే. అసలు లాభం పోటీ పద్ధతి లెక్కలో ఉంది. స్ట్రిప్‌లో యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే కొద్దిపాటి విషం వాటిలో కొన్నిటినే ఆక్రమించగలదు, మిగిలినవి గీతకు అంటుకొని దాన్ని మునుపటంత చిక్కగానే చూపిస్తాయి. తక్కువ విషాన్ని పట్టాలంటే యాంటీబాడీలను తగ్గించాలి. బంగారంతో అలా తగ్గిస్తే గీతే కంటికి ఆనదు. మెరిసే కణం ఒక్కోటి బలమైన సంకేతం ఇస్తుంది గనుక కొద్ది యాంటీబాడీలతోనే కొలవదగిన గీత వస్తుంది. దాంతో అతి తక్కువ విషం కూడా ఆ గీతను కదిలించగలుగుతుంది. బంగారు స్ట్రిప్ కంటే ప్రతిదీప్తి స్ట్రిప్ కొన్ని రెట్లు తక్కువ మోతాదును పట్టడానికి ముఖ్య కారణం ఇదే. యాంటీబాడీ ఖర్చు కూడా తగ్గుతుంది.

వాడే కణాల్లో యూరోపియం కణాలది పైచేయి. వంద నుంచి మూడు వందల నానోమీటర్ల పాలీస్టైరీన్ గోళంలో వేలకొద్దీ యూరోపియం సంయోగాలను నింపుతారు. వీటిని 365 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతితో ఉత్తేజపరిస్తే 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తాయి. పంపిన కాంతికీ తిరిగి వచ్చిన కాంతికీ మధ్య ఇంత దూరం ఉండటం వల్ల ఒకదాన్ని వడకట్టి రెండోదాన్ని మాత్రమే కొలవడం తేలిక. దీనికి మించిన సుగుణం ఇంకొకటి ఉంది. గింజల సారం, నైట్రోసెల్యులోజ్ పొర కూడా అతినీలలోహిత కాంతికి కొంత మెరుస్తాయి. ఆ మెరుపు కొన్ని నానోసెకన్లలో ఆరిపోతుంది. యూరోపియం మెరుపు వందల మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది. దీపాన్ని ఒక్కసారి మెరిపించి, కాస్త ఆగి, అప్పుడు కొలిస్తే నేపథ్యపు మెరుపు పూర్తిగా అణగి యూరోపియందే మిగులుతుంది. దీన్నే కాల విభజన ప్రతిదీప్తి అంటారు. ఈ పేరుతో అమ్ముడయ్యే స్ట్రిప్‌లకు జత చేసే రీడర్లన్నీ అలా ఆగి కొలవవు. కొన్ని రంగు తేడా మీద మాత్రమే ఆధారపడి దీపం వెలుగుతుండగానే కొలుస్తాయి. మొక్కజొన్న, గోధుమల విషయంలో అది సరిపోవచ్చు. రంగు ఎక్కువగా ఉన్న సారాలకు మాత్రం ఆగి కొలిచే రీడర్‌నే ఎంచుకోవడం మేలు.

క్వాంటం డాట్లు మరో దారి. ఇవి కొన్ని నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికాలు. పరిమాణం మారితే మెరిసే రంగు మారుతుంది కాబట్టి ఒకే దీపంతో రెండు మూడు రంగుల గీతలు చూడవచ్చు. వీటి ఆవిష్కరణకే 2023 రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. వీటిలో చాలావాటిలో కాడ్మియం ఉండటం వల్ల వాడి పారేసిన స్ట్రిప్‌లను ఏం చేయాలన్న ప్రశ్న మిగిలిపోయింది. 980 నానోమీటర్ల పరారుణ కాంతిని తీసుకుని కంటికి కనిపించే కాంతిగా మార్చే కణాలు కూడా వచ్చాయి. గింజల సారంలో ఏదీ అలా మార్చలేదు గనుక నేపథ్యపు మెరుపు సమస్యే ఉండదు. పరిశోధనల్లో బాగా కనిపిస్తున్నా మార్కెట్లో యూరోపియం స్థానాన్ని ఇవి ఇంకా తీసుకోలేదు.

పరీక్ష జరిపే క్రమం

నమూనాను మెత్తగా మరపట్టి, బాగా కలిపి, అందులోంచి అయిదు గ్రాములో, కిట్‌ను బట్టి అంతకు ఎక్కువో తూకం వేస్తారు. అఫ్లాటాక్సిన్, జియరలెనోన్ నీటిలో సరిగా కరగవు గనుక నీరు కలిపిన మెథనాల్ లేదా ఇథనాల్‌తో రెండు మూడు నిమిషాలు గట్టిగా కుదిపి విషాన్ని ద్రవంలోకి దింపుతారు. డీఆక్సినివలెనాల్‌కు మంచినీళ్లే చాలు. ద్రవాన్ని వడకట్టి లేదా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తేటను కిట్‌లోని బఫర్‌తో పలుచన చేస్తారు. ఈ పలుచన చేయడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆల్కహాల్ ఎక్కువైతే యాంటీబాడీలు పనిచేయవు, పొర కూడా దెబ్బతింటుంది. తర్వాత వంద మైక్రోలీటర్ల వరకు స్ట్రిప్ మీద వేసి, వెచ్చని దిమ్మెలో నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి రీడర్‌లో పెడతారు. ఎండాకాలం రేకుల షెడ్డులో ఒక ఫలితం, డిసెంబరు తెల్లవారుజామున మరో ఫలితం రాకుండా ఆ దిమ్మె కాపాడుతుంది. అది లేకుండా చేసిన పరీక్షలో వచ్చిన అంకెను, దాన్ని వాడి చేసిన పరీక్షల అంకెలతో పోల్చలేరు. సమయం మించినా, తగ్గినా అంతే.

పరీక్ష చేసేవారు చేతి తొడుగులు, పిండి మర దగ్గర ముక్కుకు మాస్కు తప్పనిసరిగా వాడాలి. బూజుపట్టిన గింజల దుమ్ములోనూ విషం ఉంటుంది. మిగిలిన సారాన్ని, గాజు సామానును బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టి శుభ్రం చేస్తారు.

నమూనా

ఈ పరీక్ష భవితవ్యం చాలావరకు స్ట్రిప్ బయటే తేలిపోతుంది. బూజు విషం, ముఖ్యంగా అఫ్లాటాక్సిన్, సరుకంతా సమానంగా పరుచుకుని ఉండదు. పురుగు కుట్టిన, కరువుకు ముడతపడిన, తడి తగిలిన కొద్ది గింజల్లో పేరుకుంటుంది. ఒక్క మొక్కజొన్న గింజలో కిలోకు 4 లక్షల మైక్రోగ్రాముల స్థాయిలో, వేరుశనగ గింజలో 10 లక్షలకు పైగా విషం దొరికిన సందర్భాలు 1960ల నుంచే నమోదై ఉన్నాయి. లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. మొక్కజొన్న గింజ బరువు సుమారు 0.3 గ్రాములు. పై స్థాయిలో ఆ ఒక్క గింజలో 120 మైక్రోగ్రాముల విషం ఉంటుంది. అయిదు కిలోల నమూనాలో పదహారు వేలకు పైగా గింజలుంటాయి. మిగతా అన్నీ శుద్ధంగా ఉన్నా ఆ ఒక్కటీ పడితే మొత్తం నమూనా కిలోకు 24 మైక్రోగ్రాములై భారత పరిమితిని దాటుతుంది. ఆ గింజ పడకపోతే ఫలితం సున్నా. లారీ అదే, స్ట్రిప్ అదే, చేతిలో పడ్డ గింజలు వేరు.

అందుకే నమూనా తీయడానికి కఠినమైన నియమాలున్నాయి. ఐరోపా సమాఖ్య పెద్ద సరుకులో వంద చోట్ల నుంచి కొంచెం కొంచెంగా తీసి పది కిలోల ఉమ్మడి నమూనా తయారుచేయమంటుంది. వేరుశనగకు అంతకంటే పెద్ద నమూనా కావాలి. లారీలో పై బస్తా నుంచి పిడికెడు తీసి పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదు. బస్తాల అడుగుకూ, మూలలకూ గొట్టం గుచ్చి తీయాలి. మొత్తం నమూనాను మరపట్టాలి. గింజలుగా ఉన్నప్పుడే అందులోంచి చారెడు వేరుచేసి దాన్ని మాత్రమే పొడి చేయడం తరచు కనిపించే తప్పు. పిండి ఎంత సన్నగా ఉంటే అయిదు గ్రాముల తూకం మొత్తానికి అంత నిజమైన ప్రతినిధి అవుతుంది. అందుకే పిండిలో ఎక్కువ భాగం 20 మెష్ జల్లెడ దిగాలని కిట్ తయారీదారులు కోరతారు. అఫ్లాటాక్సిన్ కొలతలో వచ్చే అనిశ్చితిలో సింహభాగం నమూనా తీయడం వల్లనే వస్తుందనీ, విశ్లేషణ పద్ధతి వాటా అందులో చిన్నదనీ అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు వేరుశనగ మీద చేసిన సుదీర్ఘ అధ్యయనాలు చూపాయి. మంచి మర, శాంపిల్ గొట్టాలు, నియమం తెలిసిన మనిషి లేని చోట ఖరీదైన రీడర్ కొనడం వృథా. డీఆక్సినివలెనాల్ ఈ విషయంలో కొంత నయం. పూత దశలో పొలమంతా సోకే తెగులు నుంచి వస్తుంది గనుక అది సరుకులో అంత చెదురుమదురుగా ఉండదు.

ఫలితం ఎక్కడ తప్పుతుంది

గింజ రకాన్ని బట్టి సారంలోని ప్రోటీన్లు, నూనె, రంగు, పులుపు మారుతాయి. ఇవన్నీ యాంటీబాడీ పట్టు మీద ప్రభావం చూపుతాయి. అందువల్ల మొక్కజొన్నకు వేసిన వక్రరేఖతో తవుడును, వేరుశనగ చెక్కను చదవకూడదు. రీడర్ తెరమీద సరుకు పేరు ఎంచుకోమని అడిగేది ఇందుకే. మిశ్రమ దాణా అన్నిటికంటే చిక్కైనది, ఎందుకంటే దాని పాళ్లు మిల్లు మిల్లుకూ మారతాయి. మిరప సారం ముదురు ఎరుపు కావడంతో బంగారు స్ట్రిప్‌లోని ఎర్ర గీత అందులో కనబడదు. ప్రతిదీప్తి స్ట్రిప్‌కు కూడా మరింత పలుచన అవసరం. అలా పలుచన చేసిన మేరకు పట్టగల కనిష్ఠ మోతాదు పెరుగుతుంది.

యాంటీబాడీ తనకు తెలిసిన ఆకారాన్నే పట్టుకుంటుంది. గోధుమ మొక్క డీఆక్సినివలెనాల్‌కు ఒక గ్లూకోజ్ తగిలించి దాచుకుంటుంది. పేగుల్లో ఆ గ్లూకోజ్ ఊడిపోయి విషం మళ్లీ బయటపడుతుంది. కొన్ని యాంటీబాడీలు ఈ దాగిన రూపాన్ని కూడా పట్టుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి. దాన్ని విడిగా కొలవని ప్రయోగశాల ఫలితం కంటే అలా పట్టుకునే స్ట్రిప్ ఎక్కువ చూపితే అది తప్పని వెంటనే అనుకోకూడదు.

ఒకే స్ట్రిప్ మీద రెండు మూడు విషాలను కొలిచే తయారీలు ఇప్పుడు సాధారణం. గీతలు పెంచడం కష్టం కాదు. పరిమితుల మధ్య దూరమే కష్టం. చైనా మొక్కజొన్నలో బి1కు 20, జియరలెనోన్‌కు 60, డీఆక్సినివలెనాల్‌కు 1,000 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. ఒక్కసారి తీసిన ఒకే సారంలో మొదటిదానికి తగిన పలుచన మూడోదానికి చాలదు. దానికి పట్టు తక్కువైన యాంటీబాడీని కావాలని ఎంచుకుని, మోతాదులు సర్ది ఈ అంతరాన్ని పూడుస్తారు.

స్ట్రిప్‌కు గాలిలోని తేమ బద్ధశత్రువు. పొట్లం విప్పిన స్ట్రిప్‌ను వెంటనే వాడాలి. సాధారణంగా నాలుగు నుంచి ముప్పై డిగ్రీల మధ్య నిల్వ చేయమంటారు. ఏప్రిల్, మే నెలల్లో కోస్తాలోనూ, తెలంగాణలోనూ గోదాము లోపలి వేడి దీన్ని సులువుగా దాటుతుంది గనుక ఫ్రిజ్ అవసరం. విషం మోతాదు తెలిసిన పిండిని దగ్గర ఉంచుకుని, రోజూ మొదట దాన్ని పరీక్షించి చూడటం మంచి అలవాటు.

స్ట్రిప్ ఇచ్చేది వడపోత ఫలితమే, తుది నిర్ధారణ కాదు. అమెరికాలో ప్రభుత్వ ధాన్య తనిఖీ సేవ ప్రతి వేగ పరీక్ష కిట్‌ను తానే పరీక్షించి, ప్రమాణాలకు నిలిచినవాటికే అధికారిక తనిఖీలో వాడే అనుమతి ఇస్తుంది. ఐరోపా సమాఖ్య 2014లో వడపోత పద్ధతులకు విడిగా నియమాలు చేసింది. వాటి సారాంశం ఇది: పరిమితి మోతాదులో విషం ఉన్న సరుకును పద్ధతి వదిలేసే అవకాశం వందకు అయిదు మించకూడదు, అనుమానితమని తేలినదాన్ని నిర్ధారణ పద్ధతితో తిరిగి చూడాలి. దీన్ని పాటించాలంటే నిర్ణయ రేఖను చట్టపు పరిమితి కంటే కొంత దిగువన పెట్టుకోవాలి. పరిమితి 15 అయితే స్ట్రిప్ మీద 14 వచ్చిన సరుకును మంచిదని పంపేయడం ఈ పద్ధతి ఉద్దేశానికి విరుద్ధం.

వినియోగం

చైనాలో ప్రభుత్వ గింజల సేకరణ కేంద్రాలు, దాణా పరిశ్రమ ఈ స్ట్రిప్‌లకు పెద్ద వాడకందారులు. అక్కడ గోధుమకు కంకి తెగులు, మొక్కజొన్నకు అఫ్లాటాక్సిన్, ఫ్యుమోనిసిన్ బెడద ఉండటంతో బహుళ విషాల స్ట్రిప్‌ల పరిశోధన కూడా ఎక్కువగా అక్కడే సాగింది. అమెరికాలో మొక్కజొన్న ఎలివేటర్ల (ధాన్యం నిల్వ కేంద్రాల) దగ్గర, ఇథనాల్ కర్మాగారాల దగ్గర స్ట్రిప్ పరీక్ష రోజువారీ పని. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిలో విషం దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది గనుక లోపలికి వచ్చే గింజను వడపోయడం వారికి తప్పనిసరి.

తెలుగు నేల మీద వీటి అవసరం ప్రధానంగా మూడు చోట్ల ఉంది. అనంతపురం ప్రాంతపు వర్షాధార వేరుశనగలో కోతకు ముందు నెల రోజుల బెట్ట అఫ్లాటాక్సిన్‌కు దారి తీస్తుంది. గింజ కళ్లానికి రాకముందే విషం చేరి ఉంటుంది. గుంటూరు మిర్చి ఎగుమతుల్లో ఐరోపా పరిమితులు, బి1కు 5, మొత్తానికి 10, వ్యాపారులకు ఎప్పుడూ ఎదురయ్యే పరీక్ష. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల మొక్కజొన్నలో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు వెళుతుంది. వానాకాలం పంట కోత సమయంలో తడిసి వచ్చినప్పుడు దాణా మిల్లు గేటు దగ్గర వేగంగా తేల్చుకోవలసి వస్తుంది. పాల సేకరణ కేంద్రాల్లో ఎం1 కోసం కూడా ఇదే పద్ధతిలో పనిచేసే స్ట్రిప్‌లున్నాయి. పాలు ద్రవం, బాగా కలిసిపోయినది కాబట్టి గింజలకున్న నమూనా చిక్కు అక్కడ లేదు. స్ట్రిప్‌ల మీద అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం దక్కేది బహుశా అక్కడే.

విషం ఉందని స్ట్రిప్ చెప్పినంత మాత్రాన సరుకు బాగుపడదు. మొక్కజొన్నను 13 శాతం తేమకు, వేరుశనగను 8 శాతం లోపుకు త్వరగా ఆరబెట్టడం, ముడతపడిన, పుచ్చిన గింజలను ఏరేయడం విషాన్ని అడ్డుకునే పనులు. కొనుగోలు కేంద్రాల్లో పరీక్ష వల్ల నష్టం మొదట పడేది రైతు మీద. అందుచేత స్ట్రిప్ ఫలితం చూపి సరుకును తిప్పి పంపే ప్రతి చోటా, మరపట్టి కలిపిన అదే నమూనాలో కొంత భాగాన్ని రైతు ఎదుట సీలు వేసి ఉంచాలి, అడిగితే దాన్ని ప్రయోగశాలలో తిరిగి పరీక్షించే ఏర్పాటు ఉండాలి. ఈ ఏర్పాటు లేకుండా స్ట్రిప్ అంకెనే తుది తీర్పుగా వాడకూడదు.